రెండు సర్కార్ల నడుమ పెద్దసారు

పెద్దసారు పోయారని టెలిగ్రాం వచ్చిన వేళకు నేను అమ్మాయిలకు కాజాలు కుట్టడం నేర్పుతున్నాను. గుమాస్తా కాగితం పట్టుకొని గుమ్మంలో నిలబడి, "టీచరమ్మా, మన పెద్దసారు..." అని ఆగిపోయాడు. ఆయన మా బడి వదిలి చాలా ఏళ్ళయింది. ఆ తర్వాత వేరే హెడ్మాస్టర్లు వచ్చారు, పోయారు. అయినా మా ఊళ్ళో పెద్దసారు అంటే ఆయనొక్కరే.

ఆ సాయంత్రమే నలుగురు టీచర్లం పెద్దపల్లిలో రైలెక్కాం. ఆసిఫాబాద్ రోడ్డులో దిగి, బస్సు పట్టుకొని, కెరమెరి ఘాటు ఎక్కి జైనూరు చేరేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. చలికాలం కాబట్టి మా కోసం దహనం ఆపారు. ఊరికి ఆవల ఉన్న ఆశ్రమ పాఠశాల వరండాలో ఆయన్ని పడుకోబెట్టారు. గోండు పిల్లలు ఎదురుగా ఎండలో వరుసలు కట్టి కూర్చున్నారు. వాళ్ళను అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదట. ఆయన భార్య నన్ను చూసి ఏడవలేదు.

"నిన్న పొద్దుగాల గూడ లెక్కల పాఠం చెప్పిండు బిడ్డా. జర అలసటగ ఉన్నదని గోడకు ఒరిగిండు. గంతే," అన్నదామె.

ఆయన ఎక్కడ చదివారు, ఎప్పుడు ఉద్యోగంలో చేరారు అని నన్నడిగితే సరిగ్గా చెప్పలేను. ఆయన వేళ్ళ గురించి మాత్రం చెప్పగలను. సాలెల ఇంట పుట్టిన మనిషి. ఎవరి అంగీ మీదనైనా, కొంగు మీదనైనా తెగిన దారం కనబడితే ఊరుకునేవారు కాదు. మాట్లాడుతూనే చేయి చాపి దాన్ని లాగి, రెండు వేళ్ళ మధ్య ఉండలా చుట్టి, షేర్వాణీ జేబులో వేసుకునేవారు. కలెక్టరు భుజం మీది దారాన్ని కూడా అలాగే లాగారని బడిలో చెప్పుకొనేవారు. అది నేను చూడలేదు. నేను చూసింది వేరే. దారం దొరకనప్పుడు కూడా ఆయన వేళ్ళు చుడుతూనే ఉండేవి. ఉత్త గాలిని అలా చుడుతున్నారంటే ఏదో అబద్ధం తయారవుతోందన్నమాట. ఈ సంగతి చప్రాసీ నుంచి సెకండ్ మాస్టరు దాకా అందరికీ తెలుసు.

ఆయన చదువంతా ఉర్దూలో సాగింది. లెక్కలు ఉర్దూలో వేసేవారు, మెచ్చుకోవడం ఉర్దూలో, తిట్లు మాత్రం తెలుగులో. పాత హైదరాబాదు సర్కారు పోయాక ఉత్తరప్రత్యుత్తరాలన్నీ ఇంగ్లీషులోకి మారేసరికి ఆయనకు చేయి విరిగినట్టయింది. ఏదైనా రాయవలసి వస్తే మొహం పక్కకు తిప్పుకొని, "రూతమ్మా, మీ మిషన్ బడి ఇంగ్లీషు జర ఇటు తే," అనేవారు. మెత్తని మనిషని నేననను. ఎదుటివాళ్ళు కాదంటే ఆయనకు వినపడేది కాదు. ఆలస్యంగా వచ్చిన టీచరును పిల్లల ముందే నిలదీసేవారు. ఒకసారి నన్ను కూడా. ఆ రోజంతా నేనాయనతో మాట్లాడలేదు. ఆ సంగతి ఆయన గమనించనే లేదు.

నన్ను ఆ బడిలోకి తెచ్చింది ఆయనే. మా బాపు మిషన్ దవాఖానలో కాంపౌండరు. ఒక ఆదివారం ప్రార్థన ముగిసి మేం చర్చి బయటికి వస్తుంటే గేటు దగ్గర షేర్వాణీ తొడుక్కొని ఒకాయన నిలబడి ఉన్నాడు.

"కాంపౌండరు సాబ్, మీ బిడ్డకు కుట్టుమిషను వస్తదట గదా?"

"వస్తది సారూ. దొరసాని నేర్పింది. ఇంట్లకే అక్కరకొస్తదని," అన్నాడు బాపు.

"ఇంట్లకే ఎందుకు? మా బడికి పంపుండ్రి. మా ఆడపిల్లలకు నేర్పాలె."

"సంఘం పెద్దలను అడుగాలె సారూ. పాస్టరు గారిని గూడ ఒక మాట..."

"పాస్టరును అడుగుతరో, ఏసయ్యనే అడుగుతరో మీ ఇష్టం. జవాబు ఎవరిచ్చినా మంచిదే, సోమారం పొద్దుగాల అమ్మాయి బడిల ఉండాలె."

బాపుకు కోపం రావలసింది. నవ్వొచ్చింది. సోమవారం పొద్దున నేను వెళ్ళాను. వెళ్ళి చూస్తే బడిలో కుట్టుమిషన్లు లేవు, వాటిని పెట్టడానికి గది కూడా లేదు.

అప్పుడే ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త. సుల్తానాబాద్‌కు దగ్గర్లో ఉన్న మా చిన్న పట్నం హైస్కూలును బహుళార్థసాధక పాఠశాల చేశారు. ఆ పేరు నోరు తిరగక జనం మల్టీ బడి అనేవారు. పుస్తకాల చదువుతోపాటు మగపిల్లలకు ఇనుము చెక్కే లేతు మిషను, వడ్రంగం, ఆడపిల్లలకు కుట్టుపని నేర్పాలని పథకం. యంత్రాలు ఢిల్లీ ఇవ్వాలి. షెడ్డు రాష్ట్రం కట్టాలి. పథకం నడిచినన్నాళ్ళు పనినేర్పే సార్ల జీతాల్లో ఢిల్లీ వాటా ఉంటుంది, ఆ తర్వాత రాష్ట్రం చూసుకోవాలి. కాగితం మీద చాలా చక్కగా ఉంది. షెడ్డు లేనిదే యంత్రాలు ఎక్కడ దించుతామని ఢిల్లీ అడిగింది. యంత్రాలు రానిదే షెడ్డు ఎవరికోసమని హైదరాబాదు అడిగింది. అలా ఏడాది గడిచింది.

పెద్దసారు స్టాఫ్‌రూం కిటికీకి ఆనుకొని నిలబడి అనేవారు. ఆయన కూర్చోగా నేను చూసింది తక్కువ. "మగ్గం గుంతల తొక్కెటందుకు రెండు కాళ్ళుంటయి. ఒకటి తొక్కితే ఇంకోటి లేస్తది. అట్లయితెనే బట్ట. గీ ఇద్దరు రెండు కాళ్ళు పైకి లేపుకొని కూసున్నరు. ఇగ బట్ట యాడికెల్లి వస్తది?"

ఒక వారం ఆయన కనబడలేదు. తిరిగివచ్చిన రోజు మమ్మల్నందరినీ పిలిచారు. చేతిలో దారం లేదు, వేళ్ళు మాత్రం చుడుతున్నాయి. సెకండ్ మాస్టరు నా వైపు చూశాడు.

"హైదరాబాదుల ఆఫీసరును కలిసిన. మిషన్లు బొంబాయిల రైలెక్కినయి, నెల తిరుగకముందే వస్తయి, షెడ్డు లేక వానకు తడిస్తే ఢిల్లీ మననే అంటదని చెప్పిన."

"మిషన్లు రైలెక్కినయా సారూ?" సెకండ్ మాస్టరు ఆశగా అడిగాడు.

"ఎక్కలే. అటెన్క కాజీపేటల ఢిల్లీ ఆఫీసరు రైలు మారుతుండని తెలిస్తే పోయి కలిసిన. షెడ్డు గోడలు మోకాలెత్తు లేచినయి, ఇగ మీదే ఆలస్యం అని చెప్పిన."

"మరి గోడలు ఏవి సారూ?"

"రేపటికెల్లి లేస్తయి. అందరు పలుగు పార పట్టుకొని రాండ్రి. అబద్ధం ఆడినంక దాన్ని నిజం చేసే పూచీ మనదే గదా!"

మర్నాడు పొద్దున సాలెవాడలో మగ్గాల చప్పుడు వినిపించలేదు. వాడంతా బడి వెనక ఖాళీ జాగాలో ఉంది. ధోవతి పైకి చెక్కుకొని పెద్దసారు పునాది గుంతలో దిగి తవ్వుతున్నారు. ఆడవాళ్ళు తట్టలతో మన్ను మోస్తున్నారు. నేనూ మోశాను. రాళ్ళు ఒకరిచ్చారు, సున్నం ఒకరిచ్చారు. ఒక ముసలి సాలెతాత గుంత గట్టున కూర్చొని అడిగాడు.

"పెద్దసారూ, ఈడ నేర్చుకుంటే మా పిలగాండ్లకు నౌకరి దొరుకుతదా?"

"దొరుకుతది."

"నిజంగనేనా? మా బతుకు తెలుసు గదా నీకు. పొద్దంత నేసినా పొయ్యి మీదికి ఎసరు రాదు."

పెద్దసారు తవ్వడం ఆపి ఆయన వైపు చూశారు. "నేను గా ఇంట్లనే పుట్టిన తాతా. నాకు తెల్వదా?" అన్నారు.

అబద్ధాలు రెండూ ఫలించాయి. యంత్రాలు వచ్చేస్తున్నాయన్న భయంతో హైదరాబాదు షెడ్డుకు మంజూరు ఇచ్చింది. షెడ్డు లేచిపోయిందన్న తొందరలో ఢిల్లీ యంత్రాలు పంపింది. పెద్దపల్లి స్టేషన్ నుంచి ఎడ్లబండ్ల మీద పెట్టెలు వస్తుంటే ఊరు ఊరంతా రోడ్డు మీద నిలబడి చూసింది. మాకింకా కరెంటు రాలేదు. రైస్‌మిల్లు షావుకారును పట్టుకొని పెద్దసారు ఒక పాత ఆయిల్ ఇంజను సంపాదించారు.

ఇక కావలసింది లేతు నేర్పే మనిషి. మందమర్రి గనుల వర్క్‌షాపులో లేతు మీద టర్నరుగా పనిచేసే రాజలింగాన్ని ఆయనే వెతికి పట్టుకొచ్చారు. బక్కగా, మాట తక్కువగా ఉండే మనిషి. ఇనుమును చేత్తో తాకితే అది ఎంత వేడెక్కిందో చెప్పేవాడని పిల్లలు గొప్పగా చెప్పుకొనేవారు. చేరకముందు ఆయన పెద్దసారును ఒక్కటే అడిగాడు. అప్పుడు నేనక్కడే ఉన్నాను.

"సారూ, నాకు ముసలి అవ్వ ఉన్నది. ఇద్దరు పోరలు. గనిల నౌకరి ఇడిచిపెట్టి రావాలె. ఇది పర్మనెంటేనా?"

అది పర్మనెంటు కాదు. నాదీ కాదు. పథకం ఉన్నన్నాళ్ళే. ఆ సంగతి పెద్దసారుకు తెలుసు, నాకూ తెలుసు. ఆయన వేళ్ళు కదలడం మొదలుపెట్టాయి.

"పర్మనెంటే. ఫికర్ చెయ్యకు," అన్నారు.

రాజలింగం రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

షెడ్డు ప్రారంభం రోజున ఢిల్లీ ఆఫీసరు, హైదరాబాదు ఆఫీసరు ఇద్దరూ వచ్చారు. తడికెకు అటు మగపిల్లలు ఇనుము చెక్కుతున్నారు, ఇటు మా అమ్మాయిలు కుడుతున్నారు. ఇద్దరు అధికారులూ సంతోషించారు. చాయ్ తాగుతూ ఢిల్లీ ఆయన మెచ్చుకున్నాడు, మీ రాష్ట్రం అందరికంటే ముందు షెడ్డు మంజూరు చేసిందని. హైదరాబాదు ఆయన మర్యాదకు, అబ్బే, మీరు యంత్రాలు రైలెక్కించేశారు కాబట్టే మేం తొందరపడ్డామన్నాడు. ఢిల్లీ ఆయన కప్పు కింద పెట్టాడు. మేమెప్పుడు ఎక్కించాం, గోడలు లేచాయంటేనే కదా పంపామన్నాడు. ఇద్దరూ కలిసి పెద్దసారు వైపు తిరిగారు.

పెద్దసారు తడుముకోకుండా హిందూస్తానీలోనే చెప్పారు. "హుజూర్, మీలో ఎవరు ముందో తేలేదాకా ఆగితే ఈ పిల్లలకు మీసాలు మొలిచి మగ్గం గుంతలో కూర్చునేవాళ్ళు. నేను ఇద్దరికీ అబద్ధం చెప్పాను. ఇప్పుడు రెండూ నిజమయ్యాయి. చూసుకోండి."

ఢిల్లీ ఆయన పొట్ట పట్టుకొని నవ్వాడు. హైదరాబాదు ఆయన నవ్వలేదు. కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి, నిదానస్తుడు. తెలుగులో మెల్లగా అన్నాడు. "ఆయన నవ్వుతారండీ, రేపు రైలెక్కి వెళ్ళిపోతారు. ఆడిట్‌కి జవాబు చెప్పుకోవాల్సింది మేం. ఇవాళ మీరు మంచికే అబద్ధమాడారు. రేపు ఇంకోడు ఇంకోదానికి ఆడతాడు. అప్పుడేం చెయ్యమంటారు?"

ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు. 

కొన్ని నెలలకు ఆయన్ని అడవిలోకి బదిలీ చేశారు. హైస్కూలు నుంచి జైనూరు అవతలి చిన్న ఆశ్రమ పాఠశాలకు. ఊరి పెద్దలు హైదరాబాదు పోయి ఆపిస్తామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. "షెడ్డు ఉన్నది, మిషన్లున్నయి, రాజలింగం ఉన్నడు. ఇగ నాతోని ఏం పని?" అని బండెక్కారు.

ఆయన లెక్క రాజలింగం దగ్గరే తప్పింది. పథకం గడువు తీరింది. ఢిల్లీ తన వాటా ఆపింది. రాష్ట్రం ఆ పోస్టులను ఇంకా తనలో కలుపుకోలేదు. నాకు మెట్రిక్, ట్రైనింగు ఉన్నాయి కాబట్టి నన్ను మామూలు టీచరుగా సర్దారు. రాజలింగం చదివింది నాలుగో తరగతి. కొత్త హెడ్మాస్టరు ఆయన్ని పిలిచి ఇక రావద్దన్నాడు.

"పెద్దసారు పర్మనెంటని చెప్పిండు సారూ," అన్నాడు రాజలింగం.

"ఆయన చెప్తే నేనేం చెయ్యాలె? కాగితం మీద లేదు గదా."

రాజలింగం నా క్లాసు గుమ్మం దగ్గరికి వచ్చాడు. "నీకు ఎర్కేనా రూతమ్మా, అది పర్మనెంటు కాదని?" అని అడిగాడు. ఎరుకేనన్నాను. వెనుదిరిగి వెళ్ళిపోయాడు. మందమర్రిలో ఆయన టర్నరు పని అప్పటికే వేరొకరికిచ్చారు. ఇంట్లో వాళ్ళు తినాలి కదా, గనిలోకి దిగి బొగ్గు నింపే పనికి చేరాడు.

అది విన్నాక నాకు మనసు నిలవలేదు. బాపును తోడు తీసుకొని జైనూరు పోయాను. పెద్దసారు క్లాసులో ఉన్నారు. ఆయన భార్య మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. నేను రాజలింగం సంగతి ఎత్తబోతే చేయి అడ్డం పెట్టింది.

"మీ సారుకు తెలుసు బిడ్డా. నెలకోసారి మందమర్రి పోతడు. గని గేటు కాడ నిలబడుతడు. షిఫ్టు ఇడిసినంక రాజలింగం బయటికి వస్తడు, చూస్తడు, మొహం తిప్పుకొని పోతడు. ఈయన మళ్ళ రైలెక్కి వస్తడు. రెండ్రోజులు బువ్వ సరిగ తినడు."

పెద్దసారు వచ్చారు. బాగా చిక్కిపోయారు. గోండు పిల్లలు వెంట వస్తూ ఆయన గోండీని వెక్కిరిస్తూ నవ్వుతున్నారు. ఆయనా నవ్వుతున్నారు. నన్ను చూడగానే ఆ నవ్వు పోయింది.

"ఏమన్న చెయ్యుండ్రి సారూ. ఇంతకుముందు చేసినట్టు... ఏదో ఒకటి చెప్పి," అన్నాను.

"అబద్ధమా?" గోడకు ఆనుకున్నారు. "సర్కారుకు అబద్ధం చెప్పుడు వేరు బిడ్డా. అది తట్టుకుంటది. గా మనిషికి చెప్పిన జూడు, అది చెప్పొద్దుండె. ఈసారి నిజమే చెప్త. నువ్వు రా, ఇంగ్లీషు నువ్వు మాట్లాడు."

"నిజం చెప్తే మీకే మోసమొస్తది సారూ," అన్నాడు బాపు.

"రానీ కాంపౌండరు సాబ్."

హైదరాబాదులో అదే ఆఫీసరు. ఆయన మమ్మల్ని గుర్తుపట్టి కుర్చీ చూపించాడు. పెద్దసారు కూర్చోలేదు. నా ఇంగ్లీషు అక్కరే పడలేదు.

"అయ్యా, రాజలింగాన్ని నేను మోసం చేసిన. నౌకరి పర్మనెంటని చెప్పి గనికెల్లి పట్టుకొచ్చిన. ఆయన నా మాట మీద వచ్చిండు. ఇప్పుడు బొగ్గు నింపుతుండు. తప్పు నాది. శిక్ష మాత్రం ఆయనకు పడ్డది."

"అది కేంద్రం పథకం కింద పోస్టండీ. వాళ్ళు ఆపేశారు. మేమేం చెయ్యగలం?"

"ఆయన నేర్పిన పిలగాండ్లు ఎవరి పథకం అయ్యా? వాళ్ళు వర్క్‌షాపులల్ల నౌకర్లు చేస్తుండ్రు. వాళ్ళు ఢిల్లీ పిలగాండ్లా, హైదరాబాదు పిలగాండ్లా?"

ఆఫీసరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మీరిలా చెబుతున్నారంటే, మీ పాత ఫైలు మళ్ళీ తెరవాలి నేను. తెలుసా మీకు?"

"తెరువుండ్రి. నా మీద ఏం రాయాలెనో రాయుండ్రి. ఆయన సంగతి మాత్రం చూడుండ్రి."

ఆఫీసరు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత అడిగాడు. "ఆ మనిషి నిజంగా పనివాడేనా? ఇది కూడా మీ గోడల్లాంటిదేనా?"

పెద్దసారు వేళ్ళు కదలలేదు. "పనివాడే," అన్నారు.

అప్పట్లో మా వైపు కొత్తగా ఐ.టి.ఐ. పెడుతున్నారు. ఖర్చులో, పాఠాల్లో ఢిల్లీ చేయి, నడపడంలో రాష్ట్రం చేయి. ఈసారి ఎవరి పూచీ ఎంతో ముందే తేల్చుకున్నారు. చదువు లేకున్నా సరే, పని చేసి చూపించమని రాజలింగాన్ని పిలిపించారు. చేసి చూపించాడు. తీసుకున్నారు. పర్మనెంటుగానే. పెద్దసారుకు ఇంక్రిమెంట్లు కోశారు, రిటైరయ్యేదాకా అడవి దాటకూడదన్నారు. ఆ రెండో శిక్ష ఆయనకు శిక్షలా తోచలేదు. గోండీ కొంచెం వచ్చిందని నాకు కబురు పెట్టారు.

హైదరాబాదు సంగతి రాజలింగానికి చెప్పవద్దని పెద్దసారు నా దగ్గర మాట తీసుకోబోయారు. నేనివ్వలేదు. పోయి చెప్పాను. రాజలింగం విన్నాడు. "చెడగొట్టినోడే సరిజేసిండు. మంచిదే," అన్నాడు. అంతే. మాట్లాడింది లేదు, ఒకరింటికి ఒకరు పోయింది లేదు. పెద్దసారు మాత్రం నేనెప్పుడు కలిసినా మొదట అడిగేది ఒకటే, "రాజలింగం పోరలు ఏం చదువుతుండ్రు?" అని.

జైనూరులో అంతా ముగిశాక మిగిలిన ముగ్గురూ నేరుగా ఊరికి పోయారు. నేను దారిలో రైలు దిగి రాజలింగం పనిచేసే ఐ.టి.ఐ.కి నడిచాను. రాజలింగం లేతు దగ్గర పిల్లల మధ్య నిలబడి ఏదో చూపిస్తున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి బయటికి వచ్చాడు.

"అన్నా, పెద్దసారు పోయిండు," అన్నాను.

"ఎప్పుడు?"

"మొన్న. నిన్న దహనమయింది. మేం నలుగురం పోయినం."

"రైలు ఈ ఊరు మీదికెల్లే పోయింది గదా."

"అవునన్నా."

"నాకెందుకు చెప్పలే?"

"మీకు ఆయనంటే కోపం గదా అని..."

"కోపమున్నది," అన్నాడు గట్టిగా. లోపల పిల్లలు తలలు తిప్పి చూశారు. "ఉంటే? కోపమున్నోడు పాడె పట్టొద్దని ఎక్కడన్న ఉన్నదా రూతమ్మా?"

నేను తల వంచుకున్నాను. ఆయన నా వైపు చూడకుండా కొళాయి దగ్గరికి పోయి చేతులు కడుక్కున్నాడు. నూనె మరకలు పోయినా ఇంకా కడుక్కుంటూనే ఉన్నాడు.

"ఆడ సారు ఇంట్ల అమ్మ ఒక్కతే ఉన్నదా?" అని అడిగాడు అటు తిరిగే.

"ఒక్కతే."

తడిచేతులు అంగీకి తుడుచుకుంటూ షెడ్డు గుమ్మం దాకా పోయి, "మిషన్లు బందు చెయ్యుండ్రి," అని పిల్లలకు చెప్పాడు. చప్పుడంతా ఒక్కొక్కటే ఆగిపోయింది. చిలక్కొయ్యకు తగిలించిన సంచి తీసుకొని నా దగ్గరికి వచ్చాడు.

"జైనూరు బస్సు యాడ ఎక్కాలె?" అన్నాడు.